చుట్టూ గీత లేని తొమ్మిది

అత్త కళ్ళజోడు పెట్టుకుంది. ఆమెకు చదువు రాదు. అయినా పెట్టుకుంది. ఇంటర్వ్యూ చేసే మేడం అంటే కళ్ళజోడు ఉండి తీరాలని ఆమె పట్టుదల.

"ఊఁ, కానీ. ముందు పేరు చెప్పు," అంది.

"పేరు మీకు తెలుసు కదా అత్తయ్యా."

"నేను అత్తయ్యని కాదు. మేడాన్ని. నవ్వావంటే ఇంటికి పంపించేస్తా."

"ఇంట్లోనే ఉన్నాం కదా."

"ఇంకా మంచిది. బస్సు ఖర్చు కలిసొస్తుంది."

ఆ వంటింట్లో ఉన్నది ఒకటే కుర్చీ. దాంట్లో అత్త కూర్చుంది. మోకాళ్ళ నొప్పులు కాబట్టి కాళ్ళు చాపి బియ్యం డబ్బా మీద పెట్టుకుంది. ఎదురుగా స్టూలు మీద కోడలు. పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. ఆదివారం మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చిన కోడలు ఇంకా యూనిఫాం కూడా విప్పలేదు.

ఆసుపత్రిలో ఆమెను చిన్న సిస్టర్ అంటారు. మనిషి పొట్టి. సెలైన్ సీసా తగిలించాలంటే మునివేళ్ళ మీద నిలబడాలి. ఎనిమిదేళ్ళుగా పిల్లల వార్డులో కాంట్రాక్టు నర్సు. ఆ కాంట్రాక్టు ఈ నెలాఖరుకు అయిపోతుంది. అదే ఆసుపత్రి పై అంతస్తులో కొత్త పిల్లల ఐసీయూ ఉంది. అక్కడ రెండు పర్మనెంటు ఖాళీలు పడ్డాయి. రేపు పొద్దున పది గంటలకు ఇంటర్వ్యూ. వయసు హద్దు ఈ ఏడాదితో దాటిపోతుంది. రేపు తప్పితే ఇంక అడిగే వీలే ఉండదు.

మొగుడు దూరప్రాంతాల బస్సు నడుపుతాడు, మంగళవారం దాకా రాడు. ప్రశ్నలు అడగడానికి ఇంట్లో మిగిలింది అత్త. అందుకని చిన్న సిస్టర్ పాత క్యాలెండర్ అట్టలు కత్తిరించి, ఒక్కో ముక్క మీద ఒక్కో బొమ్మ వేసింది. బొమ్మ చూసి అత్త ప్రశ్న గుర్తు తెచ్చుకోవాలి.

అత్త మొదటి అట్ట తీసి దూరంగా పెట్టి చూసింది.

"ఇదేంటే, జంట వంకాయలా?"

"ఊపిరితిత్తులు అత్తయ్యా."

"నువ్వు నర్సువి కాబట్టి సరిపోయింది. బొమ్మలేసి బతికేదానివైతే పస్తులే." గొంతు సవరించుకుంది. "పిల్లకి ఊపిరి ఆగిపోయింది. ముందు ఏం చేస్తావు?"

చిన్న సిస్టర్ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ముందు... పిల్లను తట్టి చూస్తాను. పలక్కపోతే సాయానికి కేకేస్తాను. తల సరిచేసి, గడ్డం ఎత్తి... కాదు, ముందు నోట్లో ఏమైనా అడ్డం ఉందేమో... ఆగండి. తల సరిచేశాక చూస్తాను. తర్వాత మాస్కు పెట్టి ఐదు సార్లు ఊపిరి..."

"నువ్వు తేల్చుకునేలోపు ఆ పిల్ల ఎదిగి ఉద్యోగానికి కూడా వెళ్తుంది."

"చేతులకు తెలుసు అత్తయ్యా. నోటికే రావట్లేదు."

"రేపు వాళ్ళు చూసేది నోటినే. ఇంకోసారి."

ఇంకోసారి చెప్పింది. ఇంకోచోట తడబడింది. అత్త రెండో అట్ట తీసింది. తలుపు బొమ్మ.

"మా దగ్గరికే ఎందుకు రావాలనుకుంటున్నావు?"

"ఆపదలో ఉన్న పిల్లలకు సేవ చేయాలని, కొత్త విషయాలు నేర్చుకోవాలని..."

"రేడియోలో చెప్పినట్టుంది."

"అలాగే చెప్పాలట."

అసలు సంగతి అది కాదు. ఆరు నెలల కిందట వార్డులో ఆయాసపడుతున్న పిల్లవాణ్ణి ఒకణ్ణి ఐసీయూలో దింపడానికి చిన్న సిస్టర్ వెళ్ళింది. వాణ్ణి మంచం మీద పడుకోబెట్టారు. అక్కడి నర్సు మంచం పక్కనున్న మీట నొక్కింది. మంచమే బరువు చూపించింది. పిల్లవాణ్ణి ఎత్తలేదు, బట్టలు విప్పలేదు, ఎవర్నీ ఏమీ అడగలేదు. ఎర్రటి అంకెలు వాటంతటవే వచ్చి నిలబడ్డాయి. చిన్న సిస్టర్ ఆ అంకెల్ని చూస్తూ ఉండిపోయింది. ట్రాలీ తోసేవాడు తలుపు దగ్గర నుంచి, "ఏంటి సిస్టర్, మంచం కొంటారా?" అన్నాడు. అప్పుడు కదిలింది. ఆ రోజు నుంచే ఆమెకు ఆ ఐసీయూ మీద మనసు పడింది. ఇది అత్తకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

అత్త మూడో అట్ట తీసింది. పగిలిన గ్లాసు బొమ్మ.

"ఇది నాకు గుర్తుంది. నీ పనిలో నువ్వు చేసిన తప్పు ఒకటి చెప్పు. తర్వాత ఏం చేశావో చెప్పు."

చిన్న సిస్టర్ నిటారుగా కూర్చుంది. "ఒకసారి డ్యూటీ మారేటప్పుడు సెలైన్ ఎక్కే వేగం ఎక్కువ పెట్టాను మేడం. పది నిమిషాల్లో నేనే గమనించాను. వెంటనే తగ్గించి డాక్టరుగారికి చెప్పాను. రిపోర్టు రాసిచ్చాను. పాపకి ఏమీ కాలేదు. అప్పట్నుంచి డ్యూటీ మారిన ప్రతిసారీ రెండుసార్లు చూసుకుంటాను."

అత్త లేచి పొయ్యి ఆర్పింది. మళ్ళీ వచ్చి కూర్చుంది.

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పింది.

"ఇంకోసారి."

"ఎందుకత్తయ్యా, బాగానే చెప్తున్నా కదా."

"అదే గొడవ." అత్త కళ్ళజోడు తీసి ముక్కు మీద పడిన నొక్కులు రుద్దుకుంది. "ఊపిరి ఆగిన పిల్ల దగ్గర నాలుగు చోట్ల తడబడ్డావు. ఈ గ్లాసు దగ్గరికొచ్చేసరికి గడగడా అప్పజెప్పేశావు. రెండుసార్లు చెప్పమంటే రెండుసార్లూ ఒక్క ముక్క అటూ ఇటూ అవలేదు. ఇది జరగలేదు కదూ?"

చిన్న సిస్టర్ అత్త చేతిలోని గ్లాసు బొమ్మ తీసుకుని బోర్లా పెట్టింది.

"ఇరవై ఏడేళ్ళు ఆయాగా చేశానే ఆ ఆసుపత్రిలో. పిల్లల గుడ్డలు ఉతుకుతూ మీ నర్సుల మాటలన్నీ విన్నాను. నిజం చెప్పేటప్పుడు ఏ నర్సూ ఇంత శుభ్రంగా చెప్పదు."

కోడలు అట్ట ముక్కల్ని వరసలో పేర్చింది. మళ్ళీ చెదరగొట్టింది. అప్పుడు నోరు విప్పింది.

పిల్లల వార్డులో ఒక పద్ధతి ఉంది. పిల్లలకు ఏ మందైనా బరువును బట్టే. అందుకని పిల్ల వార్డులోకి రాగానే బట్టలు విప్పి తూచాలి. తూచే వీలు లేకపోతే తల్లిని అడిగి రాయొచ్చు. కానీ అడిగి రాసిన అంకె చుట్టూ గుండ్రంగా గీత గీయాలి. ఆ గీత ఉంటే డాక్టరుకు తెలుస్తుంది, ఇది తూచింది కాదు, చెప్పింది అని. తూచాక దాన్ని ఒక్క గీతతో కొట్టేసి, పక్కన అసలు బరువు రాసి సంతకం పెట్టాలి. అంతే. ఒక గుండ్రటి గీత.

ఎనిమిది నెలల కిందట, వార్డులో ఇరవై నాలుగు మంచాలకు నలభై మంది పిల్లలున్న రోజుల్లో, పదకొండు నెలల పాపను తీసుకుని ఒక తల్లి వచ్చింది. మెదడువాపు జ్వరం. వార్డులో చోటు లేక ఎవరో సెలైన్ సీసాల పెట్టెలు రెండు తూకం మిషన్ పళ్ళెంలో పెట్టారు. అవి దించాలి. పాపకు సూది గుచ్చాలి. పక్క మంచం మీద ఇంకో పిల్లవాడికి ఫిట్స్ వస్తున్నాయి. "ఎన్ని కిలోలుంటుందమ్మా?" అని అడిగింది చిన్న సిస్టర్. "తొమ్మిదుంటుందమ్మా" అంది తల్లి. తొమ్మిది అని రాసింది. చుట్టూ గీత గీయలేదు. కాసేపాగి తూచేద్దాంలే అనుకుంది. ఆ కాసేపు మూడు రోజులైంది.

మూడో రోజు పెట్టెలు దించి తూచింది. ఏడు కిలోల రెండు వందలు.

ఇచ్చే మందుల్లో ఒకటి డోసు మించితే మూత్రపిండాలకు, చెవులకు చెరుపు చేసేది. మూడు రోజులు అది పావు వంతు ఎక్కువ వెళ్ళింది. చిన్న సిస్టర్ పాత అంకె జోలికి పోలేదు. ఆ రోజు గడిలో ఏడు కిలోల రెండు వందలు అని రాసింది. రౌండుకు వచ్చిన డాక్టరు కాగితం చూసి, "అయ్యో, బాగా చిక్కిపోయింది" అన్నాడు. డోసు తగ్గించాడు. ఆమె పక్కనే నిలబడి ఉంది. నోరు మెదపలేదు. తొమ్మిది తొమ్మిదిలాగే ఉండిపోయింది, నిజంగా తూచిన అంకెలాగా.

పాప బతికింది. చెవులు పోయాయి.

"మెదడువాపులో చెవులు పోవడం మామూలే కదే," అంది అత్త. "నేనే ఎంతమందిని చూశాను."

"డాక్టరూ అదే అన్నాడు."

"మరింకేం?"

"వాళ్ళమ్మ అలా అనుకోవట్లేదు. రెండు రోజులు ఆలస్యంగా తెచ్చాను, అందుకే పోయాయి అనుకుంటోంది. వాళ్ళ అత్త అలాగే అంటోందట. నీ నిర్లక్ష్యం వల్లే పిల్ల చెవిటిదైందని పొద్దున లేస్తే అదే మాటట. ప్రతి సోమవారం చెవుల క్లినిక్కుకి తీసుకొస్తుంది. నన్ను చూస్తే లేచి నిలబడి దణ్ణం పెడుతుంది అత్తయ్యా. మా పాపను బతికించారు అంటుంది. నేను ఇప్పుడు సోమవారాలు వెనక మెట్ల మీద నుంచి పోతున్నా."

అత్త బియ్యం డబ్బా మీది కాళ్ళు కిందికి దించింది.

"ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ."

"మావాడికి?"

"లేదు."

"మంచి పని చేశావు. చెప్పకు. రేపు అసలే చెప్పకు." అత్త గొంతు గట్టిపడింది. "నాతో ఒకతి పని చేసేది. జ్వరం చూసే గాజు గొట్టం ఒక పిల్ల నోట్లో విరిగితే తనంతట తనే వెళ్ళి చెప్పింది. సాయంత్రానికి పనిలోంచి తీసేశారు. మళ్ళీ ఎక్కడా పెట్టుకోలేదు. చెప్పనివాళ్ళమంతా గడియారాలు పుచ్చుకుని రిటైరయ్యాం. అదిగో."

గోడ మీద గడియారం ఉంది. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిందే. ఐదు నిమిషాలు ముందుంటుంది.

"మీరు చెప్పనిదేంటి అత్తయ్యా?"

"పాలు పొంగుతాయి, చూడు," అంది అత్త.

పొయ్యి ఇందాకే ఆర్పేసింది అత్తే. చిన్న సిస్టర్ ఇంక అడగలేదు.

ఆ తర్వాత అత్త ఆమెకు అబద్ధం చెప్పడం నేర్పింది. మనసు పెట్టి నేర్పింది. సెలైన్ కథ బాగానే ఉంది, చెప్పే తీరే బాగాలేదంది. "పది నిమిషాలని టక్కున అనకు. పదో, పదిహేనో అని ఆగు. డాక్టరుకు చెప్పాను అనే ముందు కిందికి చూడు. భయమేసింది మేడం అను. ఒక మాట మింగు." చిన్న సిస్టర్ మాట మింగింది. కిందికి చూసింది. ఏడోసారికి అత్త తల ఊపింది.

"ఇప్పుడు నేనే నమ్ముతాను," అంది. కళ్ళజోడు మడిచి కోడలి చేతిలో పెట్టింది. అది కొడుకు పాత కళ్ళజోడు.

*

ఐసీయూ బయట బల్ల మీద ఎనిమిది మంది కూర్చున్నారు. పక్కనున్న అమ్మాయి ఫైలు మూసి తెరుస్తూ మందుల పేర్లు గొణుక్కుంటోంది. చిన్న సిస్టర్‌కు చివరి నంబరు పడింది. పిలుపు వచ్చేసరికి పదకొండున్నర దాటింది.

లోపల ముగ్గురున్నారు. తల నెరిసిన డాక్టరు, ఆఫీసు నుంచి వచ్చిన మనిషి, ఐసీయూ ఇన్‌ఛార్జి సిస్టర్. ఇన్‌ఛార్జి సన్నగా, ఎండిన మొహంతో ఉంది. ముగ్గురిలో ఎవరికీ కళ్ళజోడు లేదు. అత్తకు ఇంటికెళ్ళి ఇది చెప్పాలనుకుంది చిన్న సిస్టర్.

ఊపిరి ఆగిన పిల్ల గురించి అడిగారు. ఒక్కచోటే తడబడింది. తలుపు ప్రశ్న అడిగారు. రేడియోలాగే చెప్పింది. పిల్ల చనిపోయి బంధువులు మీద పడి తిడుతుంటే ఏం చేస్తావని అడిగారు. వినాలి, ఎదురు చెప్పకూడదు, ఒంటరిగా నిలబడకూడదు అంది. ఇన్‌ఛార్జి తల ఊపింది.

తర్వాత పగిలిన గ్లాసు వచ్చింది.

"ఒకసారి సెలైన్ వేగం ఎక్కువ పెట్టాను మేడం. పది... పదిహేను నిమిషాలై ఉంటుంది." కిందికి చూసింది. "భయమేసింది." ఒక మాట మింగింది. అత్త చెప్పిన చోటల్లా ఆగింది. ఆఫీసు మనిషి రాసుకున్నాడు. డాక్టరు, "నిజాయితీగా చెప్పావమ్మా" అన్నాడు. ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. కానీ గండం గడిచింది.

"రండి, ఒకటి చేసి చూపించాలి," అని ఇన్‌ఛార్జి లేచింది.

లోపలి గదిలో ఖాళీ మంచం మీద రబ్బరు పాప పడుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పక్కన బల్ల మీద సిరంజీలు, మందు సీసాలు, ఒక కేసు కాగితం. ఇన్‌ఛార్జి కాగితం చేతికిచ్చింది.

"రెండేళ్ళ పాప. ఫిట్స్ తగ్గి నిద్రలో ఉంది. ఇప్పుడు ఇవ్వాల్సిన మందు రాసి ఉంది. డోసు లెక్క కట్టి సిరంజిలోకి తీయండి. లెక్క పైకి చెప్తూ చేయండి."

బరువు అన్నచోట పన్నెండు అని రాసి ఉంది. చుట్టూ ఏమీ లేదు.

చిన్న సిస్టర్ సిరంజి కవరు చింపింది. సీసా మీద పేరు చదివింది. కిలోకు ఎంతో చెప్పింది. పన్నెండుతో హెచ్చవేయడానికి నోరు తెరిచి ఆగిపోయింది.

"మేడం, ఈ పన్నెండు తూచిందా, అడిగి రాసిందా?"

ఇన్‌ఛార్జి డాక్టరు వంక చూసింది. డాక్టరు నవ్వాడు.

"మీకేమనిపిస్తోంది?" అంది ఇన్‌ఛార్జి.

"తెలీదు మేడం. చుట్టూ గీత లేదు. గీత లేకపోయినా నేను నమ్మను." మంచం పక్కకు వెళ్ళి మీట నొక్కింది. ఎర్రటి అంకెలు వచ్చాయి. పది కిలోల నాలుగు వందలు.

"ఇసుక నింపాం దాంట్లో," అంది ఇన్‌ఛార్జి. ఎండిన మొహం మొదటిసారి మెత్తబడింది. "పొద్దుట్నుంచి ఏడుగురు వచ్చారు. ఏడుగురూ పన్నెండుతో లెక్క కట్టేశారు. లెక్కలన్నీ సరిగ్గానే కట్టారు. ఈ ప్రశ్న అడిగింది మీరొక్కరే. ఎక్కడ నేర్చుకున్నారు ఇది?"

మా వార్డులో పద్ధతి మేడం, అంటే సరిపోయేది. అబద్ధం కూడా కాదు. ఉద్యోగం చేతికందేంత దగ్గరలో ఉంది. ముగ్గురూ ఆమె వంక ఇష్టంగా చూస్తున్నారు. ఆ పాప చెవులు పోతే తను నేర్చుకున్నదానికి, ఈ ముగ్గురూ తనను మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పు తీసుకోబుద్ధి కాలేదు.

"నేను ఒకసారి అడిగి రాశాను మేడం," అంది. "గీత గీయలేదు."

ఆ తర్వాత ఆమె మాటలు అత్త పెట్టమన్న చోట్ల ఆగలేదు. వాటికి తోచిన చోట ఆగాయి. పెట్టెల సంగతి ముందు చెప్పి, పాప సంగతి తర్వాత చెప్పింది. తొమ్మిది చెప్పింది. ఏడు కిలోల రెండు వందలు చెప్పింది. డాక్టరు చిక్కిపోయింది అన్నప్పుడు తను పక్కనే నిలబడి ఉన్న సంగతి చెప్పింది. చేతిలో సిరంజి అలాగే ఉంది, ఖాళీగా.

అంతా అయ్యాక ఇన్‌ఛార్జి అడిగింది.

"మరి ఇందాక చెప్పిన సెలైన్ సంగతి?"

"కట్టుకథ మేడం. మూడు వారాలు బట్టీ పట్టాను."

ఆఫీసు మనిషి కలం మూత పెట్టేశాడు. డాక్టరు గడ్డం రుద్దుకున్నాడు. నిజాయితీ అన్నది ఆయనే.

"చూడమ్మా," అన్నాడు చివరికి, "మెదడువాపులో చెవులు పోతాయి. మూడు రోజులు పావు వంతు ఎక్కువైనందుకే పోయాయని ఎవరూ చెప్పలేరు."

"కాదని కూడా ఎవరూ చెప్పలేరు కదా సార్."



ఇన్‌ఛార్జి ఆమె చేతిలోంచి సిరంజి తీసుకుని డబ్బాలో పడేసింది. "ఇది నేను రాసి పంపాలి. మీకు తెలుసు కదా?"

"తెలుసు మేడం."

"ఏ తారీఖు?"

చెప్పింది. గుర్తు తెచ్చుకోవాల్సిన పని లేకపోయింది.

"ఆ తల్లికి తెలుసా?"

"తెలీదు."

ఇన్‌ఛార్జి కాసేపు రబ్బరు పాప వంక చూసింది. "ఆఫీసు నుంచి మిమ్మల్ని పిలుస్తారు. ఆ తల్లిని కూడా పిలిచి చెప్తారు. ఈ లోపల డ్యూటీకి..." అని మాట మధ్యలో వదిలేసింది. మళ్ళీ అంది, "ఈ పోస్టుకి మీ పేరు నేను పంపలేను సిస్టర్. తప్పు చేసినందుకు కాదు. ఎనిమిది నెలలు దాచినందుకు. ఇందాక కూడా దాచినందుకు."

"సరే మేడం."

"మీ చేతులు మాత్రం మంచివి," అంది ఇన్‌ఛార్జి. అంటున్నప్పుడు ఆమె మొహంలో ఇష్టం లేదు. పోగొట్టుకున్న వస్తువు వంక చూసినట్టు చూసింది.

*

మెట్లు దిగుతుంటే ఫోను మోగింది. అత్త.

"ఏమైందే?"

"వాళ్ళకి కళ్ళజోళ్ళు లేవు అత్తయ్యా."

అటువైపు గోడ గడియారం చప్పుడు వినిపించినట్టనిపించింది.

"చెప్పేశావు," అంది అత్త.

"ఊఁ."

"మొత్తమా?"

"మొత్తం."

అత్త తిట్టలేదు. తిడుతుందనుకుంది. "అన్నం మూత పెట్టి ఉంచుతా," అని పెట్టేసింది.

కింద అంతస్తులో చెవుల క్లినిక్కు. చిన్న సిస్టర్ వెనక మెట్ల వైపు తిరగలేదు. నడవాలో పొడుగాటి బల్లలు, బల్లల నిండా తల్లులు, పిల్లలు. మిగతా క్లినిక్కుల్లా పెద్ద గోల లేదు. ఇక్కడ పిల్లలు ఏడిస్తే తల్లులు ఊరుకోమని నోటితో చెప్పరు, చేత్తో మొహం తమ వైపు తిప్పుకుంటారు.

ఆమె చివరి బల్ల మీద ఉంది. ఒళ్ళో పాప. ఏడాదిన్నర దాటింది. బుగ్గలొచ్చాయి. ప్లాస్టిక్ చెంచాతో బల్ల అంచును కొడుతోంది. ఆ చప్పుడుకు అటుపక్క కూర్చున్నవాళ్ళు విసుక్కుంటున్నారు. పాపకు ఆ సంగతి తెలీదు.

"అమ్మా, ఎన్నాళ్ళయింది మిమ్మల్ని చూసి," అని తల్లి లేవబోయింది. "యూనిఫాం లేదేంటి ఇవాళ? సెలవా?"

"కూర్చోండి. లేవకండి." చిన్న సిస్టర్ పక్కన కూర్చుంది. "నంబరు వచ్చిందా?"

"ముప్పై ఒకటి మాది. ఇప్పుడు ఇరవై ఎనిమిది నడుస్తోంది. చెవికి మిషన్ పెడితే వినిపిస్తుందేమో చూస్తామన్నారు." చెంచా జారితే తీసి మళ్ళీ పాప చేతిలో పెట్టింది. "మా అత్త అయితే ఇవాళ కూడా మొదలెట్టింది. ఎన్ని మిషన్లు పెట్టినా నువ్వు పోగొట్టినవి వస్తాయా అంది. నేనేం మాట్లాడతానమ్మా. రెండ్రోజులు ముందు తెచ్చి ఉంటే..."

"అది కాదు," అంది చిన్న సిస్టర్.

"ఏది?"

చిన్న సిస్టర్ చెప్పింది. పైన చెప్పినంత పొడుగు లేదు. "ఆ రోజు మిమ్మల్ని బరువు అడిగాను. మీరు తొమ్మిదన్నారు. నేను తూచాలి. తూచలేదు. మూడు రోజులు మందు ఎక్కువ వెళ్ళింది. ఆ మందు చెవులకు మంచిది కాదు. జ్వరం వల్ల పోయి ఉండొచ్చు, మందు వల్ల పోయి ఉండొచ్చు. ఏదో ఎవరికీ తెలీదు. తెలిసి కూడా నేను చెప్పలేదు. ఇవాళ పైన చెప్పాను. మిమ్మల్ని ఆఫీసుకు పిలుస్తారు. అంతకుముందు నేనే చెప్పాలని వచ్చాను."

తల్లి వింది. పాప చెంచా కొడుతూనే ఉంది.

"నేను తొమ్మిదన్నానా?" అంది తల్లి.

"మీ తప్పు కాదు. అడగడమే నా తప్పు."

"నేనే కదా తొమ్మిదన్నాను."

"తల్లులు అలాగే చెప్తారు. అందుకే తూచమంటారు."

తల్లి చిన్న సిస్టర్ మొహంలోకి చూసింది. ఎప్పుడూ దణ్ణం పెట్టే ఆ కళ్ళల్లో ఇప్పుడేముందో చిన్న సిస్టర్‌కు పోల్చుకోవడానికి వీలు కాలేదు. కోపం అయితే బాగుండుననిపించింది. తల్లి కాళ్ళ దగ్గరున్న సంచి తీసి ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టింది. పాపను రెండో వైపుకు మార్చుకుంది.

"ఎనిమిది నెలలు," అంది. గొంతు పెంచలేదు. "ఎనిమిది నెలలుగా మా ఇంట్లో నన్ను ఏమేమి అన్నారో మీకు తెలుసా? మీకు చెప్పాను కదా. మీతోనే చెప్పుకున్నాను."

"చెప్పారు."

"విన్నారు."

"విన్నాను."

లోపల నుంచి నంబర్లు పిలుస్తున్నారు. ఇరవై తొమ్మిది వెళ్ళారు. ముప్పై వెళ్ళారు. చిన్న సిస్టర్ లేవలేదు. లేచి వెళ్ళిపొమ్మని అంటే వెళ్ళేది. అనలేదు కాబట్టి కూర్చుంది.

ముప్పై ఒకటి అని పిలిచారు. తల్లి పాపను చంకనేసుకుని లేచింది. సంచి తీసుకుంది. రెండడుగులు వేసి ఆగి, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఇదంతా మా అత్తకి చెప్తారా? మా ఇంటికొచ్చి, అందరి ముందూ?"

"చెప్తాను."

"మళ్ళీ మాట మార్చరు కదా?"

"మార్చను."

తల్లి లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకునే ముందు పాప మొహం ఆమె భుజం మీద నుంచి కనిపించింది. చిన్న సిస్టర్‌ను చూసి చెంచా ఊపింది. తలుపు దభాలున పడింది. బల్లల మీదున్న తల్లులంతా ఉలిక్కిపడి అటు చూశారు. పిల్లల్లో చాలామంది చూడలేదు.

ఇల్లెక్కడో ఆమె చెప్పలేదు. చిన్న సిస్టర్ ఖాళీ అయిన బల్ల మీద, సంచి ఉన్న చోటు వదిలి, ఇందాక తను కూర్చున్న చోటే కూర్చుంది. ఆమె బయటికి వచ్చేదాకా కదలకూడదనుకుంది.